సలీమా పోసిన నీళ్లు

దూద్‌బౌలి, హైదరాబాద్,
20 నవంబరు 2025, గురువారం.

ప్రియమైన సలీమాకు,

ఆండాలు రాస్తున్నది. నీకు, ఇషాక్ భాయ్‌కి నమస్కారాలు, సలాములు. నీ కోడళ్లకు, మనవలకు దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ ఒక్క మాట ధైర్యంగా రాయడం కోసమే ఇన్నాళ్లూ ఆగాను. నిజామాబాదులో మీరంతా బాగున్నారని మీ అమ్మాయి నౌరీన్ చెప్పింది. మోకాళ్ల నొప్పికి ఆకుకట్లు మానేసి ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తున్నావట. మంచి పని చేశావు.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం ఏమిటని అనుకుంటావు. నీతో ఫోన్‌లో మాట్లాడితే మాట ఎప్పుడూ ఒకే చోట తెగిపోతుంది సలీమా. నేను "అప్పుడు మన బాబు" అని మొదలు పెట్టగానే నువ్వు "ఛోడో ఆండాలూ, పాత ముచ్చట్లెందుకిప్పుడు, పొయ్యి మీద చాయ్ పొంగుతున్నది" అని పెట్టేస్తావు. పండగకొకసారి చేసే ఫోను కూడా అట్లాగే ముగుస్తుంది. ఉత్తరమైతే నువ్వు సగంలో మడిచి దిండు కింద పెట్టినా మళ్లీ ఎప్పుడైనా తీస్తావు. బడిలో నేర్చుకున్న తెలుగులో రాస్తున్నాను. "ఏందే, పేపరోళ్ల లెక్క రాసినవ్" అనకు. కలం పట్టుకుంటే నాకు ఇదే వస్తుంది.

మన గల్లీ నువ్వు చూస్తే గుర్తుపట్టవు. మా బర్రెల కొట్టం ఉన్న చోట మూడంతస్తుల ఇల్లు లేచింది. కింద మా ఆయన, అదే మీ నర్సింహన్న, పాల దుకాణం పెట్టాడు. బర్రెలు లేవు, పాలు ఇప్పుడు ఊరి బయటి నుంచి క్యాన్లలో వస్తాయి. మీ అత్తగారిల్లు ఎవరో కొనుక్కుని కుట్టు మిషన్లు పెట్టారు. పొద్దంతా వాటి చప్పుడే. మన రెండిళ్ల మధ్య గోడ మాత్రం అట్లాగే ఉంది. ఒకవైపు సిమెంటు రాలిపోయి లోపలి రాళ్లు కనిపిస్తున్నాయి.

ఆ గోడ దగ్గరే కదా మనం కలిసింది. ఇద్దరం ఒకే ఏడాది కొత్త కోడళ్లుగా వచ్చాం. నువ్వు నారాయణపేట వైపు దానివి, తెలుగు బడిలో చదువుకున్నదానివి. మీ అత్తగారింట్లో అందరూ ఉర్దూలో గలగలా మాట్లాడుతుంటే, తెలుగు మాట కోసం గోడ దగ్గరికి వచ్చేదానివి. మొదటి రోజు నన్ను అడిగిన మాట నాకింకా గుర్తే. "అక్కా, మీ ఇంట్ల చింతపండు పులుసు గిట్ల చేస్తరా, వాసన వస్తున్నది" అన్నావు. నేను గిన్నెలో పోసి గోడ మీద పెట్టాను. ఆ గిన్నె తిరిగి వచ్చినప్పుడు అందులో ఖుబానీ మీఠా ఉంది. వారం తిరిగేసరికి అక్కా పోయి ఆండాలూ అయ్యాను.

మధ్యాహ్నాలు ఎంత బాగుండేవి. ఇషాక్ భాయ్ బొగ్గుల సిగ్డి మీద లక్క కరిగించి గాజులు చుట్టి ఇస్తే, నువ్వు వాటి మీద ఒక్కొక్క రాయీ అద్దుతూ కూర్చునేదానివి. నేను గోడకు ఇవతల పీట మీద కూర్చుని వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేదాన్ని. కథలో ఎవరికైనా కష్టం వస్తే నీ చేతిలో రాళ్లు ఆగిపోయేవి. "ఆమె మొగడు మంచోడు కాదే, నేను ముందే చెప్పిన" అనేదానివి. లోపల నుంచి మా అత్త వరమ్మ "ఆ పత్రికల మొగుళ్ల ఫికర్ మీకెందుకే, పాలు తోడు పెట్టిన్రా" అని కేకేసేది. కరిగిన లక్క వాసన, మా కొట్టంలోని పచ్చిగడ్డి వాసన కలిసి మన గల్లీకి ఒక వాసన ఉండేది. ఇప్పుడు లాడ్‌బజార్‌లో నడుస్తున్నా ఎక్కడో ఒక దుకాణం ముందు ఆ సగం వాసన తగులుతుంది. రెండో సగం ఎక్కడా దొరకదు.

సరే, అసలు సంగతి రాస్తాను.

మా లావణ్యకు కొడుకు పుట్టాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లకు, ఎన్నో మందుల తర్వాత. సెప్టెంబరు చివర్లో. నీకు వెంటనే చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణముంది.

కాన్పు కష్టమై ఆపరేషన్ చేసి తీశారు. బాబు మాత్రం నిండుగా, ఎర్రగా, గుప్పిళ్లు బిగించుకుని ఉన్నాడు. గల్లీ అంతా పేడాలు పంచాం. మూడో రోజు పొద్దున నర్సమ్మ వచ్చి బాబు పాదానికి ఒక చిన్న ఎర్రదీపం లాంటిది తొడిగింది. అంకెలు చూసి ఇంకో కాలికి తొడిగింది. తర్వాత తొడ దగ్గర వేళ్లు పెట్టి నాడి వెతికింది. ఎంతసేపు వెతికినా ఆమె వేళ్లు అక్కడి నుంచి కదలలేదు. అప్పటికే బాబు పాలు తాగుతూ తాగుతూ ఆగిపోతున్నాడు. నేను దుప్పటి సవరిస్తూ పాదాలు పట్టుకుని చూశాను సలీమా. చల్లగా ఉన్నాయి. నా ప్రాణం అక్కడే పోయింది. ఆ చల్లదనం నాకు తెలిసిందే.

పిల్లల గుండె ఆస్పత్రికి వెంటనే తీసుకుపొమ్మన్నారు. లావణ్య మంచం దిగలేని స్థితి. అల్లుడు ప్రేమ్‌రాజ్ డ్రైవరు పక్కన, నేను వెనకాల నర్సుతో, గాజుపెట్టెలో బాబుతో. అంబులెన్సు నయాపూల్ ఎక్కింది. కిటికీలోంచి మూసీ చూశాను. ఇదే వంతెన మీద ఇట్లాగే నువ్వూ నేనూ రిక్షాలో పోయాం. అప్పుడు బాబు నీ ఒళ్లో ఉన్నాడు.

ఆస్పత్రిలో చూసింది ఒక డాక్టరమ్మ. చిన్న వయసే. నన్నూ ప్రేమ్‌రాజ్‌నూ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. గుండె నుంచి ఒళ్లంతటికీ మంచి రక్తం వెళ్లే చోట తలుపు లాంటి వాల్వు ఉంటుందట. దానికి మూడు రెక్కలుండాలి. మా వాడికి రెండే ఉన్నాయి. ఆ రెండూ ఒకదానికొకటి అంటుకుపోయి మధ్యలో సూది బెజ్జమంత సందు మిగిలింది. మరి మూడు రోజులు అంత బాగా ఎట్లా ఉన్నాడని నేను అడిగాను.

"కడుపుల ఉన్నప్పుడు పిల్లలకు గుండె పక్కన ఒక చిన్న దారి ఉంటదమ్మా. పుట్టినంక కొన్ని రోజులకు దానంతట అదే మూసుకుంటది, అందరికీ అంతే. ఈ బాబు ఇన్ని రోజులు ఆ దారి మీదనే బతికిండు. ఇప్పుడది మూసుకుంటున్నది. అందుకే చల్లబడుతున్నడు" అన్నది. మూసుకోకుండా మందు ఎక్కిస్తామని, బాబు కొంచెం తేరుకున్నాక ఛాతీ తెరిచి ఆ రెక్కలను విడదీస్తామని చెప్పింది. బెలూనుతో తెరిచే పద్ధతి కూడా ఉందట గానీ మా వాడి రెక్కలు మరీ మందంగా ఉన్నాయట. ప్రేమ్‌రాజ్ ఆ బొమ్మనే చూస్తున్నాడు. అంత చిన్న గుండెను ఎట్లా కోస్తారమ్మా అని నేనే అడిగాను. "పెద్ద ఉసిరికాయంత ఉంటది. దినాం చేసే పనే, కానీ ప్రాణం మీది పనే. రెండూ నిజమే" అన్నది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

తర్వాత మా కుటుంబంలో పురిట్లోనే పోయిన పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగింది. ప్రేమ్‌రాజ్ వాళ్లవైపు ఎవరూ లేరన్నాడు. నేను కొంగు సర్దుకున్నాను. "ఒకడున్నడమ్మా. నా పెద్దకొడుకు" అన్నాను.

ఇక్కడ నువ్వు ఉత్తరం మడిచేస్తావని తెలుసు. మడవకు సలీమా. ఆ రోజు గురించి మనిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నాకు గుర్తున్నదంతా నేను రాస్తాను, నువ్వు ఊరికే విను.

వాడు పుట్టినప్పుడు నాకంటే నువ్వే ఎక్కువ సంబరపడ్డావు. నీకింకా పిల్లలు లేరు. పొద్దున లేవగానే గోడ దగ్గర కూడా ఆగకుండా గల్లీలోంచి తిరిగి వచ్చి వాణ్ని ఎత్తుకునేదానివి. మా అత్త నీళ్లు పోస్తుంటే పక్కన చెంబు అందించేదానివి. కాళ్లు చాపి పిల్లాణ్ని ఎట్లా పడుకోబెట్టాలో, నీళ్లు చెవుల్లోకి పోకుండా చెయ్యి ఎట్లా అడ్డం పెట్టాలో నీకు నేర్పింది మా అత్తే. "నీకు రేపు పనికొస్తది బిడ్డా" అనేది. బాబు పుట్టి ఇంకా వారం కాలేదు. ఆ పొద్దున మా అత్తకు ఒళ్లు కాలుతున్నది. "సలీమా, ఇయ్యాల నువ్వే పొయ్యి బిడ్డా, నేను మంచం మీద నుంచి చూస్తుంట" అన్నది. నువ్వు మోచెయ్యి ముంచి చూసి "గోరువెచ్చగనే ఉన్నయి, ఫికర్ లేదు" అన్నావు. శనగపిండి రాసి ఎంత మెల్లగా పోశావో, వాడు ఏడవను కూడా లేదు. సాంబ్రాణి పొగ పట్టి, బట్ట చుట్టి నా పక్కన పడుకోబెట్టావు.

ఆ తర్వాతే వాడు పాలు వద్దన్నాడు. కుక్కపిల్లలాగా గబగబా ఊపిరి తీశాడు. పాదాలు పట్టుకుంటే చల్లన. మీ నర్సింహన్న చాయ్ హోటళ్లకు పాలు పోయడానికి వెళ్లాడు, ఎక్కడున్నాడో తెలియదు. నువ్వే గల్లీ చివరికి పరుగెత్తి రిక్షా తెచ్చావు. పచ్చి బాలింతనైన నేను బాబును పట్టుకోలేనని నీ బురఖా అంచు చుట్టి ఒళ్లో పెట్టుకున్నావు. చార్మినార్ దగ్గర తోపుడుబండ్లు అడ్డం. నువ్వు రిక్షా అతన్ని తిట్టావు, బండ్ల వాళ్లను తిట్టావు, మళ్లీ బాబుతో మాట్లాడావు. "నా బంగారం, నా రాజా, వచ్చేసినం, గదిగో నయాపూల్" అంటూనే ఉన్నావు. ఆస్పత్రి మెట్ల దాకా అట్లాగే మాట్లాడావు. పత్తర్‌గట్టి దాటకముందే వాడు పోయాడని నీకు తెలుసని నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. నేను రిక్షాలో ఏమైపోతానో అని నువ్వు పోయిన పిల్లాడితో అంత దూరం మాట్లాడావు. ఆ మేలుకు నీకు నేను ఏనాడూ ఒక మాట చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

అంతే నాకు గుర్తున్నది. ఏడాది తిరగకుండా మీరు నిజామాబాదు వెళ్లిపోయారు. ఇషాక్ భాయ్ అన్నగారి గాజుల దుకాణంలో పని అన్నావు. నేను నమ్మాను. నా ఇంటి ఏడుపు చూడలేక వెళ్తున్నావేమో అని కూడా అనుకున్నాను. ఒంటరిగా పీట మీద కూర్చుని పత్రిక చదవడం చేతకాక కొన్నాళ్లకు పత్రికే మానేశాను.

ఇక ఆపరేషన్ రోజు గురించి రాస్తాను. పొద్దున్నే బాబును తీసుకెళ్లారు. తీసుకెళ్లే ముందు నన్ను ముట్టుకోనిచ్చారు. ఒంటి నిండా గొట్టాలు, ఎక్కడ ముట్టాలో తెలియక చిటికెన వేలు మాత్రం పట్టుకున్నాను. లావణ్యను ఆ రోజే కాన్పు ఆస్పత్రి నుంచి ఇంటికి పంపారు. అది ఇంటికి పోకుండా నడుం పట్టుకుని నేరుగా గుండె ఆస్పత్రికి వచ్చి కూర్చుంది. మీ నర్సింహన్న దుకాణం మూసి వచ్చాడు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నం మీ నౌరీన్ వచ్చింది. సంతోష్‌నగర్‌లో లావణ్య వాళ్లకు రెండు గల్లీల అవతలే కదా దాని ఇల్లు, కిరాణా కొట్టులో విన్నదట. పెద్ద డబ్బా నిండా ఖిచ్డీ తెచ్చింది. లావణ్యకు బలవంతాన నాలుగు ముద్దలు పెట్టింది. దాని నవ్వు, మాట తీరు అన్నీ నీవే. కొంచెంసేపయ్యాక నా పక్కకు వచ్చి కూర్చుంది. "అమ్మీకి చెప్పినవా బిడ్డా" అని అడిగాను. అది తల అడ్డంగా ఊపింది.

"చెప్పలే ఖాలా. చిన్నపిల్లల బీమారీ అంటె అమ్మీ తట్టుకోదు. నా కొడుకు పుట్టినప్పుడు మెడ నిలిచేదాకా ముట్టలే. ఎత్తుకో అమ్మీ అంటె, నా చేతులు మంచియి కావు అన్నది. మా నలుగురికి గూడ ఒక్కనాడు నీళ్లు పొయ్యలేదంట. దాదీయే పోసిందంట" అన్నది.

నాకు అర్థం కాలేదు. ఎందుకట్లా అని అడిగాను. ఇషాక్ భాయ్ తనకెప్పుడో చెప్పిన సంగతి నౌరీన్ నాకు చెప్పింది. మా బాబు పోయిన మరునాడు నువ్వు మా ఇంటికి వచ్చావట. వాకిట్లో చుట్టం ఎవరో ఇంకొకామెతో "పురిటి పిల్లకు పరాయి చేతి నీళ్లు పోస్తె ఇట్లనే అయితది" అంటుంటే విన్నావట. విని, లోపలికి రాకుండానే తిరిగి వెళ్లిపోయావట. నిజామాబాదు పోదామని ఇషాక్ భాయ్‌ని పట్టుబట్టింది నువ్వేనట.

సలీమా, ఆ మాట అన్నదెవరో నాకు తెలియదు. నేను లోపల చీకటి గదిలో పడుకుని ఉన్నాను. మా అత్త వినలేదు, వింటే ఆమెను గల్లీ దాటించేది. బతికున్నన్నాళ్లు మా అత్త "సలీమా ఎట్లుందో, ఉత్తరమన్న రాయకపాయె" అంటూనే ఉండేది. మాలో ఒక్కరికి కూడా ఆ ఆలోచన రాలేదు. నువ్వు నలభై ఏళ్లుగా ఆ మాట మోస్తున్నావని ఆ ఆస్పత్రి వరండాలో తెలిసింది నాకు. లోపల మనవడి గుండె తెరిచి ఉన్నది, బయట నేను నీ కోసం ఏడుస్తున్నాను. నౌరీన్ భయపడిపోయి నీళ్ల సీసా నోటికి పెట్టింది.

పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ బయటికి వచ్చింది. టోపీ తీసి నుదురు తుడుచుకుని, "రెక్కలు మంచిగనే విడిపోయినయి. రక్తం పోతున్నది. ఇంక రెండు రోజులు మాత్రం గట్టిగ చూడాలె" అన్నది. మీ నర్సింహన్న అప్పుడు కళ్లు తెరిచి, ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

ఆ రెండు రోజులూ గడిచాయి. ఒకసారి జ్వరమొచ్చింది, ఒకసారి ఊపిరి ఆడించే మర తీయలేకపోయారు. తర్వాత ఒక పొద్దున అద్దం అవతలి నుంచి చూస్తే పాదాలు గులాబీ రంగులో ఉన్నాయి. లావణ్య నన్ను మోచేత్తో పొడిచి చూపించింది. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం.

ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ చెప్పింది. పెద్దవుతుంటే వాల్వు మళ్లీ బిగుసుకోవచ్చు, లేదా కారవచ్చు. ఇంకో ఆపరేషన్ పడవచ్చు. ఎప్పటికీ చూపించుకుంటూ ఉండాలి. అంతా విన్నాక నేను నా పెద్దకొడుకు సంగతి మొత్తం చెప్పాను. పుట్టిన తీరు, పాలు మానడం, ఊపిరి, పాదాలు, అన్నీ. స్నానం సంగతి కూడా చెప్పాను, నీ పేరుతో సహా. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని విన్నది.

"అప్పుడు స్కాన్ లేదు కాబట్టి నూటికి నూరుపాళ్లు నేను చెప్పలేను. కానీ మీరు చెప్పేది ఈ జబ్బు లెక్కనే ఉన్నదమ్మా. ఆ దారి మూసుకునే టైం అదే. ఆ రోజు నీళ్లు పోసినా పోయకున్నా అదే అయ్యేది. ఆ కాలంలో ఇంత చిన్న పిల్లలకు ఈ ఆపరేషన్ ఎవరు చేసేటోళ్లు? ఆమెకు నా మాటగ చెప్పండి, నీళ్లకు దీనికి సంబంధం లేదు" అన్నది.

ఆమె మాటగా చెప్తున్నాను. నీళ్లకు, నీ చేతులకు సంబంధం లేదు. నువ్వు పోసిన నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. నేను పక్కనే ఉన్నాను, చూశాను. వాడు ఈ లోకంలో ఉన్న ఆ కొద్ది రోజుల్లో సుఖంగా ఉన్నది ఆ కాసేపే.

మనవడు ఇప్పుడు బాగున్నాడు. పేరు ఇంకా పెట్టలేదు, లావణ్య చింటూ అంటున్నది. ఛాతీ మీద గీత ఎర్రగా ఉంది గానీ పుండు మానింది. తడి గుడ్డతో తుడవడం మాని ఇక స్నానం చేయించవచ్చన్నారు. పాల కోసం గల్లీ అంతా వినబడేలా ఏడుస్తాడు. కుట్టు మిషన్ల వాళ్లు కూడా ఆపి వింటారు. తాగుతూ మధ్యలో ఆగడు. నేను అది చూస్తూ కూర్చుంటాను.

చలి మొదలవుతున్నది. ఇషాక్ భాయ్ దగ్గు ఎట్లా ఉందో రాయి. నౌరీన్ వారానికొకసారి వచ్చి పోతున్నది, దాన్ని గురించి దిగులు పెట్టుకోకు. నీ దస్తూరీ చూడాలని ఉంది. తప్పులున్నా ఫరవాలేదు, తెలుగులోనే రాయి.

ఎప్పటికీ నీ గోడ పక్క మనిషి,
ఆండాలు

తా.క.: సంతకం పెట్టి కవరులో పెట్టబోయి ఆగాను. అసలు రాయాల్సింది రాయలేదు.

ఈ వాల్వు జబ్బు ఒక్కోసారి కుటుంబంలో వస్తుందని డాక్టరమ్మ మా అందరికీ గుండె స్కానింగ్ చేయించింది. లావణ్యకు ఏమీ లేదు. ప్రేమ్‌రాజ్‌కు లేదు. మీ నర్సింహన్నకూ లేదు. నాకుంది. నా గుండెలోనూ పుట్టినప్పటి నుంచి రెండు రెక్కలే. నావి అంటుకుపోలేదు కాబట్టి ఇన్నేళ్లు నడిచాయి. ఒక్కోసారి ఒకరిని వదిలి తర్వాతి వాళ్లకు వస్తుందట. మన బాబుకు వచ్చింది నా నుంచే అయ్యుంటుందని, చింటూకూ అంతేనని ఆమె చెప్పింది. నాకు తెలిసి ఇచ్చింది కాదు, నా తప్పు కాదు అని కూడా చెప్పింది. నేను ఒప్పుకున్నాను. నేను ఒప్పుకున్నాక నువ్వు ఒప్పుకోకపోతే ఎట్లా?

నా వాల్వు ఇప్పుడు సున్నం పట్టినట్టు గట్టిపడింది. మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే వయసనుకున్నాను. వచ్చే నెలలో ఛాతీ తెరిచి కొత్తది వేస్తారు. చింటూ అంత చిన్నవాడే తట్టుకున్నాడు, నేను తట్టుకోనా. కానీ ఎముక అతుక్కునేదాకా చెంబెడు నీళ్లు కూడా ఎత్తకూడదన్నారు. లావణ్యకు పిల్లాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకోవడం రాదు, భయం. వేరే ఎవరినో పెట్టుకుందామంటున్నారు. నేను వద్దన్నాను. మా అత్త దగ్గర నేర్చుకున్న మనిషి ఒకామె ఉన్నది, ఆమె వస్తుందని చెప్పాను.

నువ్వు వచ్చి వాడికి నీళ్లు పొయ్యి సలీమా. నేను మంచం మీద నుంచి చూస్తుంటాను.